ఇంటి కెమెరాల కోసం రౌటర్‌లో పోర్ట్ తెరిచి ఉంచడం తప్పా?

తెనాలి కుర్రాడు: అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది, నేను న్యూజెర్సీలో. నాలుగు కెమెరాలు, వాటి రికార్డింగ్ దాచే ఒక డీవీఆర్ పెట్టించాను. బిగించినతను రౌటర్‌లో 8000 పోర్ట్ (బయటినుంచి లోపలికొచ్చే దారి) తెరిచి, పైగా డీవీఆర్‌ని డీఎంజెడ్‌లో పెట్టి వెళ్లాడు. ఫోన్‌లో చక్కగా కనిపిస్తోంది. ఆఫీసులో స్నేహితుడు చూసి వెంటనే మూసేయమన్నాడు. మూస్తే అమ్మ కనపడదేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

ఓరుగల్లు సీసీటీవీ: కంగారు పడకండి అన్నా. 11 ఏళ్లుగా నాది ఇదే పని. డీఎంజెడ్ తీసేయించండి, అది తప్పే. ఒక్క పోర్ట్ చాలినచోట డీవీఆర్‌కి అన్ని పోర్ట్‌లూ తెరిచేశాడు. పోర్ట్ మాత్రం 8000 బదులు 48000 పెట్టి, పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకోండి. చాలు.

ఉప్పుగాలి: చాలదు. పోర్ట్‌లు ఉన్నవే 65,535. అన్నిటినీ తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ గుర్తుందా? కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌తోనే ఉన్న కెమెరాల్ని, డీవీఆర్‌లని, రౌటర్లని పట్టింది. అక్టోబరులో వాటిని వెబ్‌సైట్ల పేర్లని ఐపీ అడ్రసులుగా మార్చే డైన్ అనే సంస్థ మీదకు తోలితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మార్చినా, ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌లో) లోపముంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికొస్తారు. రౌటర్‌లో వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే గుప్తదారి) పెట్టుకోండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కి ఒక్క యూడీపీ రకం పోర్ట్ చాలు, సరైన కీ లేనివాడు తడితే అది బదులే ఇవ్వదు.

ఓరుగల్లు సీసీటీవీ: అంటే మీరూ పోర్ట్ తెరుస్తున్నారుగా!

ఉప్పుగాలి: ఆ పోర్ట్ వెనక ఏం కూర్చుందన్నదే లెక్క.

ఓరుగల్లు సీసీటీవీ: లెక్క అంటే నాదీ వినండి. 48000 పెట్టాక నా కస్టమర్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

పక్కింటి వైఫై: రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సెట్టింగ్ కూడా ఆపండి. అది ఉంటే పరికరాలు మనకు చెప్పకుండానే పోర్ట్‌లు తెరిపించుకుంటాయి.

ఉప్పుగాలి: మా బాబాయికీ ఇదే మాట చెప్పారు. ఎరువుల షాపు లెక్కలు ఇంటినుంచి చూసుకోవడానికి కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389ని 33890 చేసి తెరిచారు. ఒక సోమవారం పొద్దున చూస్తే ఏ ఫైలూ తెరుచుకోదు, ప్రతి ఫైలు పేరు చివర ఏవో అక్షరాలు, డబ్బు కట్టమని ఒక నోట్. రెండు సీజన్ల బాకీలు అందులోనే ఉన్నాయి. రైతులు తమంతట తాము గుర్తుంచుకుని ఇచ్చిందే వచ్చింది. పెట్టినతను ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఓరుగల్లు సీసీటీవీ: ఒకడు చేసినదానికి మా అందరినీ దొంగల్లా చూస్తారా? ఎండలో నిచ్చెనెక్కి వైరు లాగేది మేము. రాత్రి 11కి ఫోన్ చేసి, అల్లుడికి కెమెరా రావట్లేదని తిడితే పడేదీ మేమే. వీపీఎన్ పెడితే ఫోన్ మార్చినప్పుడల్లా నేనే వెళ్లాలి. ఆ డబ్బులు ఎవరిస్తారు?

ఉప్పుగాలి: అడగండి, అది మీ కష్టం. అసలు నా బాధ పోర్ట్ గురించి కాదు. రౌటర్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంటుంది, ఇంటివాళ్ల దగ్గర ఉండదు. ఏం తెరిచారో మా బాబాయికి చివరిదాకా తెలియదు.

ఓరుగల్లు సీసీటీవీ: ఇస్తే ఏదో ఒకటి మార్చేసి, చివరికి రీసెట్ నొక్కేస్తారు. మళ్లీ ఉచితంగా పరిగెత్తేది నేనే.

చలిమర: ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు ఉన్న అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీది సీజీన్యాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్లకు పంచుతోంది. ఐపీవీ4లో (ఇలాంటి పాతరకం అడ్రసుల్లో) పోర్ట్ తెరిచినా ఇంటర్నెట్ నుంచి ఎవరూ అందులోకి రాలేరు.

తెనాలి కుర్రాడు: పాస్‌వర్డ్ నా దగ్గరా లేదు. బిగించినతనికి రెండుసార్లు ఫోన్ చేస్తే చెప్పాడు. వీడియో కాల్‌లో అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె చదివింది: "ఒకటి, సున్నా, సున్నా, చుక్క, ఏడు, ఒకటి..." అంటే 100.71. ఆ పోర్ట్ ఇన్నాళ్లూ దేనికీ పనికిరాలేదు. డీవీఆర్ సీరియల్ నంబర్‌తో కంపెనీ సర్వర్ మీదుగానే నాకు కనిపిస్తోంది. డీఎంజెడ్, పోర్ట్ రెండూ తీసేశాం. నాలుగు కెమెరాలూ వస్తున్నాయి.

ఉప్పుగాలి: మంచిది. డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా చేయించండి. ఇప్పుడు ఆ సర్వర్ మీదుగా వచ్చే దారికి అదీ ఒక తాళం.

ఓరుగల్లు సీసీటీవీ: సరే, ఇకనుంచి పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో పెద్దవాళ్ల చేతికిస్తాను. రీసెట్ నొక్కితే మాత్రం విజిట్ చార్జీ తీసుకుంటాను.

ఉప్పుగాలి: తీసుకోండి. ఏ పోర్ట్ తెరిచారో కూడా అదే కాగితం మీద రాయండి.