కాక్స్‌డ్ ఫోర్ (నలుగురు తెడ్లు వేసే, ఒకరు చుక్కాని పట్టే పడవ) నిమిషానికి 28 స్ట్రోకుల రేటు దాటితే ఒక పక్కకే ఒరుగుతోంది: తప్పు రిగ్గింగ్‌లోనా (తెడ్ల అమరికలోనా), చేతుల్లోనా?

రోయింగ్ కోచింగ్ ఇచ్చేవాళ్లూ, పడవలు రిగ్ చేసేవాళ్లూ దయచేసి చెప్పండి. క్లబ్ పోటీ జట్టు 2000 మీటర్ల రేసుకి తయారవుతోంది. నిమిషానికి 20 స్ట్రోకుల్లో పడవ నిలకడగా ఉంటుంది. 28 దాటగానే ప్రతి రికవరీలో (తెడ్డు నీటి పైనుంచి మళ్లీ స్ట్రోక్ మొదటికి వచ్చే దశలో) స్ట్రోక్ సైడ్‌కి (పడవ ఎడమ పక్కకి) వాలుతుంది. ఆ వైపు తెడ్లు నీటిని గీసుకుంటూ వెనక్కి వస్తాయి, బో సైడ్ (కుడి పక్క) వాళ్ల బ్లేడు క్యాచ్‌లో (స్ట్రోక్ మొదట్లో నీటిని పట్టే చోట) ఆలస్యంగా దిగుతుంది.

పడవని స్టాండ్ల మీద సమంగా పెట్టి కొలిచాం. స్ప్రెడ్ (పడవ మధ్య గీత నుంచి ఓర్‌లాక్ పిన్నుకి దూరం) 85 సెం.మీ., ఇన్‌బోర్డ్ (తెడ్డులో పడవ లోపలి వైపు భాగం) 115, తెడ్డు పొడవు 374. సీటు లోతు నుంచి ఓర్‌లాక్ (తెడ్డుని పట్టి ఉంచే కొక్కెం) అడుగుకి నాలుగు చోట్లా 17. పిచ్ (నీటిలో బ్లేడు వాలు) అన్నిటికీ 4 డిగ్రీలు, ఒక్క 2వ సీటుకి తప్ప: అక్కడ క్యాచ్‌లో 5, ఫినిష్‌లో (స్ట్రోక్ చివర) 3 చూపిస్తోంది. ఓర్‌లాక్ తిరిగే పిన్ను బయటికి వంగిందని నా అనుమానం. అది స్ట్రోక్ సైడ్ సీటే. ఫినిష్‌లో పిచ్ తగ్గితే బ్లేడు లోతుకి పోయి బయటికి రావడానికి మొరాయిస్తుంది కదా, రేటు పెరిగేకొద్దీ అది బయటపడుతోందా?

స్ట్రోక్ సైడ్ ఓర్‌లాక్‌ల కింద ఒక్కో వాషర్ వేస్తే చేతులు కాస్త పైకొస్తాయి, కానీ అసలు జబ్బు దాగిపోతుందని భయం. స్క్వేర్ బ్లేడ్ (బ్లేడుని నిలువుగానే ఉంచే), పాజ్ (మధ్యలో ఆగే) డ్రిల్స్ 18 రేటులో చక్కగానే చేస్తున్నారు, అందుకే చేతుల మీద నింద వేయబుద్ధి కావట్లేదు. ముందు పిన్ను మార్చి చూడాలా, లేక 24, 26, 28 అని మెట్లుగా రేటు పెంచుతూ ఎవరి చేయి ఎప్పుడు ఒడిలోకి జారుతోందో వీడియో తీయాలా?