ఇంట్లో షుగర్ మిషన్ ఒకటి చెబుతోంది, ల్యాబ్ ఇంకోటి చెబుతోంది. ఏది నమ్మాలి?

ఒంగోలు అమ్మాయి:
అమ్మకు 61 ఏళ్లు, ఒంగోలులో నాన్నతో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతోంది. రెండు నెలల కింద మిషన్ కొనిచ్చాను. మొన్న శనివారం పరగడుపున అందులో 168 వచ్చింది, అరగంటలో ల్యాబుకెళ్లి రక్తమిస్తే 141. నిన్న సాయంత్రం ఏకంగా 262 వచ్చేసరికి భయపడి, ఎవరికీ చెప్పకుండా రాత్రి ఒకటికి రెండు మాత్రలు వేసుకుంది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. నాన్న లేచి పంచదార నీళ్లు పట్టాక తేరుకుంది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మిషన్ మార్చాలా, అసలు ఇంట్లో చూసుకోవడమే మానిపించాలా?

రక్తం చుక్క (ల్యాబ్ టెక్నీషియన్):
ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి రెండు మాత్రలు వేసుకున్న సంగతి చెప్పండి, మిగతావి తర్వాత. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడిపోవచ్చు. ఈరోజు ఆవిడ ఒక్కరే ఉండకూడదు, వేళకి తినాలి, మధ్యమధ్యలో చూసుకోవాలి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక తేడా సంగతి. మంచి మిషన్ అయినా 100 దాటిన రీడింగుల్లో ల్యాబ్ లెక్కకు 15 శాతం అటూఇటూ చూపించవచ్చు, ప్రమాణమే అలా ఉంది. 141కి అంటే 120 నుంచి 162 దాకా. మీ 168 దాన్ని కొంచెం దాటింది, అందుకే మిషన్‌లో పెట్టి రక్తం చుక్క అంటించే స్ట్రిప్పులు, గుచ్చుకునే పద్ధతి ఒకసారి చూడాలి. కానీ ఆ 262 దగ్గరే నాకు అనుమానం. నిన్న సాయంత్రం అమ్మగారు మామిడిపండ్లు గానీ కోశారా? వేలికి పండు రసం అంటి ఉంటే ఆ తీపి కూడా చుక్కలో కలిసి అంకె అమాంతం పెరుగుతుంది, శానిటైజర్ రాసుకున్నా సరిగా పోదు. సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరాక, వేలి చివర పక్క భాగంలో గుచ్చుకోవాలి. రక్తం రావట్లేదని వేలు గట్టిగా పిండకూడదు.

కాకినాడ వాసి:
మా ఇంట్లో తప్పంతా స్ట్రిప్పుల దగ్గరే జరిగింది. మా మామయ్య మాటిమాటికీ మూత తీయడం ఎందుకని పది పన్నెండు స్ట్రిప్పులు తీసి కళ్లద్దాల పెట్టెలో పెట్టుకునేవారు. మా ఊరి గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా, నెలంతా పొంతన లేని అంకెలే. స్ట్రిప్పులు వాటి డబ్బాలోనే ఉండాలి, తీసిన వెంటనే మూత పెట్టాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. డబ్బా మీద ఎక్స్‌పైరీ ఎంత దూరం ఉన్నా, తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో వేరేగా రాసి ఉంటుంది, అది ఎవరూ చూడరు.

రక్తం చుక్క:
ఇంకో మాట మర్చిపోయాను. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే చాలా మిషన్లు షుగర్ ఎక్కువ చూపిస్తాయి, అమ్మగారికి రక్తహీనత ఉందేమో చూపించండి. తిన్న తర్వాత అయితే వేలి రక్తంలో షుగర్ సహజంగానే చేతి నరంలో తీసినదానికంటే ఎక్కువుంటుంది. అందుకే పోల్చాలంటే పరగడుపునే, మిషన్ ల్యాబుకే తీసుకెళ్లి, రక్తం ఇచ్చిన అయిదు నిమిషాల్లో అక్కడే గుచ్చుకుని చూడాలి. మిషన్ మాత్రం మానిపించకండి. తెల్లవారుజామున అలాంటి చెమటలు మళ్లీ పడితే, అది షుగర్ పడిపోవడమో కాదో ఆ నిమిషంలో చెప్పేది అదొక్కటే.

ఒంగోలు అమ్మాయి:
డాక్టర్‌తో మాట్లాడాను అండీ, మళ్లీ ఒక్క మాత్రకే రమ్మన్నారు, సోమవారం మిషన్ పట్టుకుని రమ్మన్నారు. పొద్దుటి నుంచి నాలుగు సార్లు చూశారు, 110కి కిందికి రాలేదు. మీ అనుమానం నిజమే, నిన్న పిల్లలకి రసాలు పిండి ఇచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని గుచ్చుకుందట. ఈరోజు అదే వేళకి సబ్బుతో కడుక్కుని చూస్తే 176. స్ట్రిప్పుల డబ్బా ఎప్పుడు తెరిచారో ఇద్దరికీ గుర్తులేదు, కొత్తది తెప్పించి మూత మీద తేదీ రాయమన్నాను. అంకె ఎంతొచ్చినా మాత్ర ముట్టుకునే ముందు నాకు ఫోన్ చేస్తానని అమ్మ మాటిచ్చింది.