నెలలు నిండని బిడ్డలకు హైడ్రోకార్టిసోన్: పుట్టగానే అందరికీనా, బీపీ పడిపోతేనేనా?

తిరుపతి నాన్న:
మా పాప 26 వారాలకే పుట్టింది. ఇక్కడే తిరుపతిలో ఎన్ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) ఉంది. మూడో రోజు బీపీ పడిపోయింది. సెలైన్ ఎక్కించారు, బీపీ పెంచే మందు డోపమిన్ పెంచారు, నిలబడలేదు. బీపీని నిలబెట్టే కార్టిసాల్ హార్మోన్ తక్కువగా ఉందని, దాని బదులు పనిచేసే స్టెరాయిడ్ మందు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టారు. తెల్లారేసరికి కుదుటపడింది. ఇంత పనిచేసే మందు పుట్టిన రోజే ఎందుకివ్వరు? ఆ రాత్రి టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

చిత్తూరు సిస్టర్:
అన్నా, మీ పాప కోలుకున్నందుకు సంతోషం. కానీ అందరికీ ఇవ్వాలంటే నేను ఒప్పుకోను. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. కాగితమంత పల్చటి చర్మం, షుగర్ చూడ్డానికి మడమ గుచ్చాలంటేనే చెయ్యి రాదు. బీపీ మందులకు లొంగకపోతే ఇవ్వండి, ముందే వద్దు.

పిల్లల డాక్టర్:
కడుపులో ఉన్నప్పుడు కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం పైన ఉండేది) బిడ్డకు పెద్దగానే ఉంటుంది. కానీ అది ఎక్కువగా చేసేది డీహెచ్ఈఏ అనే మరో హార్మోన్. మాయ దాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది. కార్టిసాల్ తయారీ చివరి నెలల్లో గానీ ఊపందుకోదు. 26 వారాల బిడ్డకు ఆ నెలలే దక్కలేదు. అలాగని ఒక్క రక్తపరీక్షతో తేల్చలేం. ఎంతకంటే తగ్గితే లోపం అనాలో డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

ముందే ఇవ్వడం గాలిమాట కాదు. ఫ్రాన్స్‌లో 28 వారాలలోపు పుట్టిన 521 మంది బిడ్డలపై ప్రెమిలాక్ పరిశోధన చేశారు, 2016లో ఫలితాలొచ్చాయి. మొదటి పది రోజులు చిన్న మోతాదు ఇచ్చినవాళ్లలో దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు లేకుండా బతికింది 60 శాతం, ఇవ్వనివాళ్లలో 51. అయితే 24, 25 వారాల బిడ్డల్లో ఇన్ఫెక్షన్లు పెరిగాయి. సిస్టర్ భయం అక్కడ నిజమే. గుండె దగ్గర తెరిచి ఉండిపోయిన రక్తనాళం మూసుకోవడానికి ఇచ్చే ఇండోమెథాసిన్‌తో కలిస్తే పేగుకు చిల్లు పడే ప్రమాదముంది. అమెరికాలో ఒక పరిశోధనను అందుకే మధ్యలో ఆపేశారు. ఇండోమెథాసిన్ వాడకపోతే, అమ్మానాన్నలకు అన్నీ చెప్పి, 26 వారాల బిడ్డకు నేనైతే హైడ్రోకార్టిసోన్ ముందే ఇస్తాను.

చిత్తూరు సిస్టర్:
డాక్టర్ గారూ, రాత్రి షిఫ్టులో నా ఒక్కదాని చేతిలో నలుగురు బిడ్డలుంటారు. ఇన్ఫెక్షన్ తొలి గుర్తులు పట్టడానికి మనుషులు చాలరు. ముందు మనుషుల్ని ఇవ్వండి, తర్వాత ఆ మందు గురించి మాట్లాడదాం.

తిరుపతి నాన్న:
రేపటినుంచి మా పాపకు మోతాదు తగ్గిస్తారట, ఒక్కసారిగా ఆపరట. ఇండోమెథాసిన్ ఏమైనా ఇచ్చారా అని పొద్దున రౌండ్స్‌లో అడుగుతాను.