మ్యారీడ్ ‘టు’నా, ‘విత్’తోనా? వీ3 తర్వాత ఏ ప్రిపోజిషన్?

ప్రశ్న:
పాసివ్ వాయిస్‌లో వీ3 (‘బ్రోకెన్’ లాంటి, క్రియ మూడో రూపం) తర్వాత ‘బై’ రావాలంటారు. మరి ‘ఇంట్రెస్టెడ్ ఇన్’కి ‘ఇన్’ ఎందుకు? ‘మ్యారీడ్ విత్’ తప్పంటారు, కానీ ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ చాలాచోట్ల చూస్తుంటాం. పద్ధతేమైనా ఉందా, బట్టీ కొట్టడమేనా?

జవాబు 1:
సగం పద్ధతి, సగం బట్టీ అండి. ఆ వీ3 జరిగిన పనిని చెబుతోందా, ఉన్న స్థితినా అన్నది ముందు తేల్చుకోండి. ‘ద విండో వాజ్ బ్రోకెన్ బై ద బాయ్’లో కుర్రాడు పగలగొట్టాడు, కాబట్టి ‘బై’. ‘ఐయామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ మ్యూజిక్’లో ఎవరూ ఏ పనీ చేయలేదు, వీ3 అక్కడ విశేషణం. ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. ‘వెరీ ఇంట్రెస్టెడ్’ కుదురుతుంది, ‘వెరీ బ్రోకెన్ బై ద బాయ్’ కుదరదు. విశేషణమని తేలాక ఏ ప్రిపోజిషన్ అన్నది మాత్రం బట్టీయే.

జవాబు 2:
‘వెరీ’ పరీక్ష మ్యారీడ్ దగ్గర పనికిరాదు. ‘షి ఈజ్ మ్యారీడ్ టు రవి’ అంటే రవి ఆమె భర్త. ‘షి వాజ్ మ్యారీడ్ బై రవి’ అంటే రవి పెళ్ళి జరిపించిన పురోహితుడనుకునే ప్రమాదం ఉంది! ‘రవితో పెళ్ళయింది’ అనే అలవాటు కొద్దీ మనకు ‘విత్’ దొర్లుతుంది. ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’లోని ‘విత్’కి మ్యారీడ్‌తో సంబంధం లేదు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలున్నారు, అంతే.

జవాబు 3:
ప్రిపోజిషన్ మారితే అర్థమే మారేవి విడిగా రాసుకోండి. ‘టైర్డ్ ఫ్రమ్ వాకింగ్’ అంటే నడిచి అలసట, ‘టైర్డ్ ఆఫ్ వాకింగ్’ అంటే నడకంటేనే విసుగు. ‘కన్సర్న్‌డ్ అబౌట్’ ఆందోళన. ‘ద చాప్టర్ ఈజ్ కన్సర్న్‌డ్ విత్ ట్యాక్స్’ అంటే అధ్యాయం పన్నుల గురించి.
పరీక్షల్లో ఎక్కువగా మార్కులు పోయేది ‘టు’ దగ్గర. ‘ఐయామ్ యూజ్డ్ టు గెట్ అప్ అర్లీ’ తప్పు, ‘గెటింగ్ అప్’ అనాలి. ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐయామ్ యూజ్డ్ టు ఇట్’ కుదిరింది కాబట్టి అది ప్రిపోజిషన్, తర్వాత ఐఎన్‌జీ రూపమే. కమిటెడ్ టు, అపోజ్డ్ టు కూడా ఇంతే. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ అర్లీ’ వేరే సంగతి: ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు లేదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. సర్‌ప్రైజ్డ్‌కి ‘ఎట్’ రాయాలా, ‘బై’ రాయాలా?

జవాబు 1:
రెండూ ఒప్పే. ‘వెరీ సర్‌ప్రైజ్డ్ బై ద రిజల్ట్’ కూడా తప్పు కాదు. కాబట్టి ‘బై’ కనిపించగానే పాసివ్ అని రాసేయకండి.