గురుబాణీ అర్థానికి వ్యాకరణం గీటురాయా?

శారద:
సిక్కు పండితులు ప్రొఫెసర్ సాహిబ్ సింగ్ (1892–1977) రాసిన ‘గుర్బాణీ వ్యాకరణ్’ 1939లో వెలువడింది. గుర్బాణీ అంటే సిక్కుల పవిత్ర గ్రంథమైన గురుగ్రంథ సాహిబ్‌లోని వాణి. ఆ గ్రంథంలో పదాల చివర రాసి ఉండి, పఠనంలో సాధారణంగా పలకని హ్రస్వ ఇకార ఉకారాలు చాలాచోట్ల విభక్తి గుర్తులేనని, వాటిని పట్టించుకోని వ్యాఖ్య నిలవదని ఆయన వాదం. గురువుల నుంచి నోటిమాటగా అందిన అర్థాన్ని కాదని, 1604లో కూర్చిన గ్రంథానికి 335 ఏళ్ల తరువాత వచ్చిన వ్యాకరణాన్ని కొలబద్ద చేయడం సబబేనా? ఆ అర్థాన్ని నేర్పే సంప్రదాయ పాఠశాలను సిక్కులు టక్సాల్ అంటారు, మన టంకశాలే. నాణెం విలువను టంకశాల చెప్పాలి గాని బయటివాడు కాదు గదా.

విభక్తి:
సాహిబ్ సింగ్ బయటివారని ఎలా అనగలం? సియాల్‌కోట్ జిల్లాలో హిందూ కుటుంబంలో పుట్టి, 1906లో అమృతం స్వీకరించి, అంటే సిక్కు దీక్ష పొంది, గురుద్వారాల సంస్కరణ ఉద్యమంలో జైలుకు వెళ్లినవారాయన. ఇక 335 ఏళ్ల మాట. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అంతమాత్రాన తిక్కన భాషకు నియమాలు లేవనలేం.

గ్రంథం మొదట్లో వచ్చే మూలమంత్రాన్నే చూడండి. ‘నాము’, ‘పురఖు’, ‘నిరవైరు’ అన్నీ ఉకారాంతాలు. మనం బడిలో వల్లించిన ‘డుమువులు’ లాగే ప్రథమా విభక్తి ఏకవచనాన్ని సూచిస్తాయి. కాని ‘అకాల మూరతి’లో ‘అకాల’కు ఉకారం లేదు, ఎందుకంటే అది స్త్రీలింగమైన ‘మూరతి’కి విశేషణం. చివరి ‘గుర ప్రసాది’ని కొందరు సంప్రదాయ వ్యాఖ్యాతలు రెండుగా విడదీసి, రెండూ పరమాత్మ గుణాలేనంటారు. గుణవాచకమే అయితే ‘గురు’ అని ఉండాలి; ఉన్నది ‘గుర’, అంటే ‘గురువు యొక్క’. ‘ప్రసాది’లోని ఇకారం తృతీయ. ‘గురువు కృపచేత’ అన్న అర్థం ఆ రెండు అక్షరాల నుంచే వస్తోంది.

మాత్ర:
‘హరి’లోని ఇకారం కూడా తృతీయేనా?

విభక్తి:
కాదు, అది పదంలో పుట్టుకతోనే ఉంది, ‘సత్యం’ అనే అర్థమున్న ‘సతి’లోనిదీ అంతే. ఏది పదానిది, ఏది ప్రత్యయానిది అని తేల్చాలంటే పదచరిత్ర తెలియాలి. సంస్కృతం చదువుకున్న సాహిబ్ సింగ్‌కు ఆ పని చేతనయింది.

మాత్ర:
ఒప్పుకుంటాను. అయితే ఇది పాడే గ్రంథం. ‘గోపాల’ వంటి పదాల్లో ఒకే అక్షరానికి ఒకార ఉకారాలు రెండూ రాసిన చోట్లున్నాయి. పదం ‘గోపాల’, పాటలో లఘువు కావాలి కనుక ‘గుపాల’. ప్రతి గుర్తునూ విభక్తిగా చదివితే ఛందస్సు తప్పిపోతుంది.

విభక్తి:
ఆ ఉదాహరణ నాకే ఉపకరిస్తుంది. పదరూపాన్నీ పాటనూ విడివిడిగా గుర్తించేంత జాగ్రత్తపడిన లేఖకులు పదాంతంలో ఊరికే ఉకారం తగిలించారంటే నమ్మలేను.

శారద:
కాలం గురించిన వాదనను ఉపసంహరించుకుంటున్నాను. కాని 19వ శతాబ్దపు సంప్రదాయ వ్యాఖ్య ఫరీద్‌కోట్ టీకా చాలా పంక్తులకు ఒకటికి మించిన అర్థాలు చెబుతుంది. అది తప్పని నేను అనలేను. శ్లేష తెలిసిన తెలుగువాళ్లం మనమైనా అనకూడదు.

విభక్తి:
శ్లేష అనాలంటే రెండు అర్థాలకూ పదరూపం ఒప్పుకోవాలి. 1962–64 మధ్య పది సంపుటాలుగా వచ్చిన సాహిబ్ సింగ్ ‘దర్పణ్’ వ్యాఖ్యలో నాకు నచ్చని అన్వయాలు నాకూ ఉన్నాయి. ‘గుర’ విషయంలో మాత్రం, అక్కడ ఉకారం లేనంతవరకు రెండో అర్థానికి చోటు లేదంటాను.