రోలెక్స్ కనిపెట్టిందా, కొనుక్కుందా?

సుధాకర్: చేతి గడియారాల చరిత్రలో రోలెక్స్‌ను గొప్ప ఆవిష్కర్తగా చెప్పుకోవడం నాకు సమంజసంగా తోచదు. 1905లో హాన్స్ విల్స్‌డార్ఫ్, ఆల్ఫ్రెడ్ డేవిస్ లండన్‌లో పెట్టింది గడియారాలమ్మే సంస్థ. లోపలి యంత్రాలు స్విట్జర్లాండులోని ఏగ్లర్ సంస్థ నుంచి వచ్చేవి. 1926లో వచ్చిన ఆయిస్టర్ అనే రోలెక్స్ గడియారంలోకి నీరు చొరబడకుండా ఆపే, మర తిప్పి బిగించే కీ బొడిపె పెరెగో, పెరె అనే ఇద్దరు స్విస్ వ్యక్తుల ఆలోచన. వారి పేటెంటును విల్స్‌డార్ఫ్ కొన్నారు. తనంతట తానే కీ ఇచ్చుకునే చేతి గడియారానికి అంతకుముందే పేటెంటు పొందినవారు జాన్ హార్వుడ్ అనే ఆంగ్లేయుడు. ఇక రోలెక్స్ కనిపెట్టినదేమిటి?

మాధవి: సుధాకర్ గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే, కానీ ఆ గడియారం రోజూ చేతిలో ఎలా నడిచిందో కూడా చూడాలి. ఆయిస్టర్‌కు ప్రతిరోజూ కీ ఇవ్వాలంటే బొడిపె మర విప్పాలి, కీ ఇచ్చాక మళ్లీ గట్టిగా బిగించాలి. ఒక్క రోజు మరిచిపోతే నీరు లోపలికి పోతుంది, పైగా రోజూ తిప్పడం వల్ల మర అరిగిపోతుంది. హార్వుడ్ గడియారంలో, చేయి కదిలినప్పుడు కదిలి కీ ఇచ్చే బరువు పూర్తిగా తిరగదు, కొంత దూరం ఊగి రెండు వైపులా స్ప్రింగులకు తగిలి వెనక్కి వస్తుంది. 1931లో రోలెక్స్ ఆ బరువును చుట్టూ నిరాటంకంగా తిరిగేలా చేసింది. దానితో, తొడుక్కుని తిరిగినన్నాళ్లూ బొడిపెను రోజూ విప్పవలసిన అవసరమే పోయింది. ఒక పరిష్కారం తెచ్చిపెట్టిన ఇబ్బందిని మరో పరిష్కారంతో తీర్చిన ఈ కూర్పును నేను ఆవిష్కరణే అంటాను.

రవీంద్ర: నాకు మాత్రం వారి అసలు ప్రతిభ ప్రచారంలోనే కనిపిస్తుంది. 1927 అక్టోబరులో బ్రిటిష్ ఈతగత్తె మెర్సిడెస్ గ్లైట్జ్ ఇంగ్లిష్ చానల్‌ను రెండోసారి ఈదబోయినప్పుడు ఆమె మెడలో ఆయిస్టర్ ఉంది. చలికి తట్టుకోలేక ఆమె మధ్యలోనే ఆగవలసి వచ్చింది, గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. నెల తర్వాత డైలీ మెయిల్ మొదటి పేజీ నిండా ప్రకటన వెలువడింది.

మాధవి: ప్రచారం ఘనమైనదే, రవీంద్ర గారూ, అందులో సందేహం లేదు. అయితే 1914లోనే, అంటే ఆ ప్రకటనకు పదమూడేళ్ల ముందే, గడియారాల ఖచ్చితత్వాన్ని పరీక్షించే ఇంగ్లండ్‌లోని క్యూ అబ్జర్వేటరీ రోలెక్స్ చేతి గడియారానికి అత్యున్నతమైన ‘ఎ’ తరగతి ధ్రువపత్రం ఇచ్చింది. అంతవరకు ఆ గౌరవం ప్రధానంగా పెద్ద కాలమాపకాలకే దక్కేది. చేతికి కట్టుకునేది ఆభరణమే తప్ప నమ్మదగిన యంత్రం కాదనుకునే రోజుల్లో విల్స్‌డార్ఫ్ ఖచ్చితత్వం కోసం పట్టుబట్టారు. ఆ యంత్రం చేసిన ఏగ్లర్ పనివారికి కూడా ఆ పేరులో వాటా ఉంది, దాన్ని నేను కాదనను.

సుధాకర్: ఆ వాటానే నేను అడుగుతున్నాను, మాధవి గారూ. కూర్చిన ఘనత రోలెక్స్‌కు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఆయిస్టర్ కథ చెప్పేటప్పుడు పెరెగో, పెరె పేర్లు, స్వయంచాలిత గడియారం గురించి చెప్పేటప్పుడు హార్వుడ్ పేరు కూడా వినిపించాలి.