ఎల్ సాల్వడార్ 1932: తిరుగుబాటు నాలుగు రోజుల్లో ఎందుకు అణిగిపోయింది?

డిగ్రీ_సెకండియర్:
సెమినార్‌కి మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లో జరిగిన రైతుకూలీల తిరుగుబాటు తీసుకున్నాను. 1932 జనవరి 22 రాత్రి మొదలైంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఊళ్లన్నీ మళ్లీ సైన్యం చేతికొచ్చాయి. వేలమంది కదిలారు, కమ్యూనిస్టు పార్టీ ఉంది. అయినా ఎందుకు నిలబడలేదు?

కాఫీ_కప్పు:
ఆయుధాలు లేక. వాళ్ల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా పొదలు నరికే కత్తులే. అవతల మెషిన్ గన్లు.

రిటైర్డ్_టీచర్:
అది సగమే తమ్ముడూ. గుట్టు ముందే బయటపడింది. కమ్యూనిస్టు నాయకుడు ఫరబుందో మార్తీని, విద్యార్థి నాయకులు లూనా, సపాతాలను కొన్ని రోజుల ముందే పట్టుకున్నారు. బ్యారక్‌ల్లో వీళ్ల వైపున్న సిపాయిలు కూడా దొరికిపోయారు. పార్టీ తేదీ వాయిదా వేస్తూ పోయింది. రాజధానిలో ఆట ముందే అయిపోయింది. పడమటి కాఫీ కొండల జనం, ఎక్కువమంది ఆదివాసీలు, మాత్రం ఆగలేదు.

ఎందుకు ఆగలేదో నీ సెమినార్‌లో తప్పకుండా చెప్పు. ఊరుమ్మడి భూములను 1881-82 చట్టాలతో రద్దు చేశారు, అవి కాఫీ తోటల్లో కలిసిపోయాయి. 1929 తర్వాత కాఫీ ధర పడిపోతే కూలీ తెగ్గోశారు. 1931 డిసెంబరులో సైన్యం అధ్యక్షుడు అరావుహోను దింపి జనరల్ మార్తీనెస్‌ను కూర్చోబెట్టింది. జనవరి ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలిచామన్నచోట ఆ గెలుపును ఒప్పుకోలేదు. ఇక వాళ్లు అడగడానికి ఏ గుమ్మం మిగిలింది?

హువాయువా, నావిసాల్కో, ఇసాల్కో వాళ్ల చేతికి వచ్చాయి. సొన్సొనాతె, అవాచపాన్ బ్యారక్‌లు మాత్రం లొంగలేదు. తుపాకులు, మందుగుండు ఉన్నవి అక్కడే. అవి దొరక్కపోతే పట్టుకున్న ఊరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

డిగ్రీ_సెకండియర్:
మేడం, చనిపోయినవాళ్ల లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

రిటైర్డ్_టీచర్:
అంచనాలు 10,000 నుంచి 30,000 దాకా ఉన్నాయి. ఒక్క అంకె పట్టుకోకు, రెండు కొసలూ చెప్పు. తిరుగుబాటుదారులు చంపినవాళ్లు దాదాపు వందమందే, అదీ చెప్పు.

ఊచకోతలో ఎక్కువ భాగం తిరుగుబాటు అణిగాకే జరిగింది. మీకేమీ కాదని రక్షణ కాగితాలిస్తాం, రండి అని జనాన్ని పిలిచారు. వచ్చినవాళ్లను, రెండు బొటనవేళ్లూ వెనక్కి కట్టి, ఇసాల్కో చర్చి గోడ దగ్గర గుంపులు గుంపులుగా కాల్చారు. చేతిలో కత్తి ఉంటే నేరం, ఆదివాసీ మొహం ఉంటే నేరం. కాఫీ తోటలో కత్తి లేని కూలీ ఎక్కడుంటాడు? ఈ మాట చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. ఆదివాసీ పెద్ద ఫెలిసియానో అమాను జనవరి 28న ఇసాల్కోలో ఉరితీశారు. మార్తీని ఫిబ్రవరి 1న కాల్చారు.

బతికినవాళ్లలో చాలామంది భయంతో తమ భాష నావత్ మాట్లాడటం, తమ బట్టలు కట్టుకోవడం మానేశారు. అది కూడా లెక్కలో వెయ్యి.

కాఫీ_కప్పు:
మార్తీనెస్‌ను ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారా?

రిటైర్డ్_టీచర్:
1944 దాకా లేదు. ఆ ఏప్రిల్‌లో సైనికుల తిరుగుబాటు ఓడిపోయింది. మేలో విద్యార్థులు, డాక్టర్లు, దుకాణదారులు, కార్మికులు అందరూ పనులు ఆపేసి ఇళ్లలో కూర్చున్నారు. దాంతో దిగిపోయాడు. సెమినార్‌లో టైమ్ మిగిలితే ఆ సమ్మెకి రెండు నిమిషాలు ఇవ్వు. టైమ్ చాలకపోతే జనవరి చివరి వారాన్ని మాత్రం కుదించకు.